పొడుగాయన కుడి మోకాలు

మస్కట్‌లో నన్ను డాక్టర్ అని పిలిచిన మొదటి మనిషి మా క్లబ్బు ముదీర్. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. ఆయన నోరారా "యా దక్తూర్" అన్నప్పుడల్లా, నేను ఫిజియోథెరపిస్టును మాత్రమేనండీ అని చెప్పాలనుకునేవాణ్ణి. మొదట్లో మొహమాటం అడ్డొచ్చింది. తర్వాత్తర్వాత ఆ పిలుపు రుచి మరిగాను. మా ఆవిడ నిజమైన ఆస్పత్రిలో నిజమైన నర్సు. ఒకసారి ఆవిడ దగ్గర ఈ ముచ్చట గొప్పగా చెప్పుకుంటే, "సరేలెండి డాక్టరుగారూ, ముందా స్టవ్వు కట్టెయ్యండి, పప్పు మాడుతోంది" అంది.

మాది బాస్కెట్‌బాల్ క్లబ్బు. ఆటగాళ్ళకు జీతాలిచ్చి, బయటి దేశాల నుంచి కూడా తెప్పించుకుని ఆడించే జట్టు. మడమలకు పట్టీలు చుట్టడం, పిక్కలు పిసకడం, వాచినచోట ఐసు పెట్టడం నా డ్యూటీ. ఉద్యోగానికి వెళ్ళిన రోజున ముదీర్ నన్ను, ఈ ఆట నీకు తెలుసా అని అడిగారు. స్కూలు జట్టులో ఉన్నాను సార్ అన్నాను. అబద్ధం కాదు. గోదావరి జిల్లాలో మా మిషను హైస్కూల్లో సిమెంటు కోర్టు ఉండేది. క్లాసులో అందరికంటే పొడుగు నేనే కాబట్టి డ్రిల్లు మాస్టారు నన్ను జట్టులో వేశారు. వేసిన వారానికే తన పొరపాటు తెలుసుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను కోర్టులోకి దిగిన ఏకైక మ్యాచ్‌లో బంతి నాకు సరిగ్గా అందింది ఒక్కసారే, అదీ ముక్కుకి. రక్తం కారుతున్న నన్ను బయటికి మోసుకొచ్చాక మా జట్టు ఊపిరి పీల్చుకుని గెలిచింది. ఈ వివరాలు ముదీర్ అడగలేదు, నేను చెప్పలేదు.

మా జట్టు మొత్తంలో ఆట అనదగ్గది ఆడేవాడు ఒక్కడే. పశ్చిమాఫ్రికా మనిషి. ముప్ఫై దాటి చాలాకాలమైంది. ఇంట్లో అతని గురించి మాట్లాడేటప్పుడు పేరు నోరు తిరగక పొడుగాయన అనేవాళ్ళం. అతను ఆడిన రోజు ఇద్దరి పెట్టు. ఎదుటి జట్టు కుర్రాళ్ళు అతని చుట్టూ మూగి, గెంతి గెంతి అలిసిపోయేవాళ్ళు. అతను వాళ్ళ తలల మీంచి, అటక మీద డబ్బా సర్దుతున్నంత తాపీగా బంతిని బుట్టలో వేసి వచ్చేవాడు. చిక్కల్లా మర్నాడు మొదలయ్యేది. ఒకసారి మడమ, ఒకసారి నడుము, ఒకసారి చిటికెన వేలు. అతని ఒంట్లో కీళ్ళన్నీ వంతులేసుకుని నా బల్ల మీదికి వచ్చేవి.

కుడి మోకాలు మాత్రం వంతుల్లో కలిసేది కాదు, ఎప్పుడూ వచ్చేది. మ్యాచ్ అయ్యేసరికి నీరు పట్టి కొబ్బరికాయంత అయ్యేది. ఐసు పెట్టి, పట్టీ వేసి, కొద్ది రోజులు కదలకుండా ఉంచితే ఏమీ ఎరగనట్టు మామూలుగా తయారయ్యేది. అప్పుడు ఎవరైనా వచ్చి నొక్కి చూస్తే శుభ్రంగా ఉందనే అంటారు. మెట్లు దిగేటప్పుడు చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని నేను క్లబ్బు మెట్ల కింద ఏదో పని ఉన్నట్టు నిలబడి, అతను దిగుతుంటే చూసేవాణ్ణి. అతను రెయిలింగు పట్టుకుంటే నాకు ఆ వారమంతా చేతినిండా పని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మోకాలు చెడిపోయి ఉన్నన్నాళ్ళూ నా ఉద్యోగం బాగుండేది.

అలా గడిచిపోతుండగా సూర్ నుంచి కబురొచ్చింది. సముద్రం పక్కనే కిందికి వెళితే వచ్చే ఊరు అది. పడవలు, చేపలు, గ్యాసు ప్లాంటు, దాంతోపాటు బాగా గెలవాలని ఉబలాటపడే ఒక క్లబ్బు. పొడుగాయనను మాకిచ్చేయండి, బదులుగా మా కుర్రాళ్ళు ఇద్దర్ని తీసుకోండి అని వాళ్ళు అడిగారు. మా ముదీర్ నన్ను గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, కరక్ చాయ్ తెప్పించారు. చాయ్ వచ్చిందంటే వ్యవహారం పెద్దదన్నమాట.

"యా దక్తూర్, ఇచ్చేద్దామా, ఉంచుకుందామా? నువ్వెలా చెబితే అలా" అన్నారు, తనకు వచ్చిన హిందీలో.

నా బతుకులో నా అభిప్రాయానికి అంత విలువ ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో పప్పులో ఏ కూర వెయ్యాలో కూడా నన్ను అడగరు. ఆ గొప్ప కాస్త తలకెక్కి, గొంతు సవరించుకుని, మోకాలి కీలు నిర్మాణం గురించి చాలాసేపు మాట్లాడాను. మాట్లాడుతూనే లోపల లెక్క వేసుకుంటున్నాను. మోకాలు బాగుందని చెబితే ఆయన మంచి బేరం వచ్చిందని ఇచ్చేస్తారు. బాగాలేదని చెబితే పీడా పోయిందని ఇచ్చేస్తారు. నేను ఎటు చెప్పినా పొడుగాయన వెళ్ళిపోవడమే. ఇక వచ్చే కుర్రాళ్ళిద్దరూ గుండ్రాళ్ళు. వాళ్ళ ఆట నేను చూశాను. నేలమీద పడితే నేలే అదురుతుంది. అలాంటివాళ్ళుండే జట్టుకు నా బల్ల ఎందుకు, నా ఐసు ఎందుకు, నేనెందుకు? ముదీర్ కూడా చాయ్ తాగుతూ నవ్వుతూ, "వాళ్ళొస్తే నీకు పనుండదు దక్తూర్, హాయిగా పడుకోవచ్చు" అన్నారు. ఆ హాయి మాట వినగానే నా చాయ్ కప్పు కింద పెట్టేశాను. కొంచెం పరీక్షగా చూసి చెబుతానని లేచాను.

పరీక్షగా చూడటానికి పొడుగాయన తనే వచ్చాడు. బల్ల మీద పడుకుని, పాదాలు రెండూ బల్ల చివర నుంచి బయటికి వేలాడుతుంటే, పైకప్పుకేసి చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. నన్ను వెళ్ళనివ్వు అన్నాడు. ఇక్కడ తన కాంట్రాక్టు ఈ సీజనుతో సరి. ఈ వయసులో, ఈ మోకాలితో, ముదీర్ మళ్ళీ ఇవ్వడని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. సూర్ వాళ్ళు రెండు సీజన్లు ఇస్తామంటున్నారు. కుటుంబం ఉండేందుకు ఫ్లాటు కూడా. భార్యను, కూతుర్ని తెచ్చుకోవచ్చు. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి అతను ఏదో ఒక దేశంలో ఆడుతూనే ఉన్నాడట. సూర్ దగ్గర బీచికి తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయని చెప్పినప్పటి నుంచీ ఆ పిల్ల ఫోను ఎత్తితే చాలు, తాబేళ్ళ గురించే అడుగుతోందట.

"వాళ్ళ డాక్టరు నొక్కి చూస్తాడు. నొప్పి లేదని నేను చెప్పుకుంటాను. మెట్ల సంగతి మాత్రం నువ్వు ఎత్తకు. నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. అడిగితే చెప్పు. అడక్కపోతే ఊరుకో" అన్నాడు.

నేను ఊరుకుంటానని మాటిచ్చాను. నా జీవితంలో చేసిన త్యాగాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి, ఇది చేస్తున్నప్పుడు నాకు నేనే చాలా ఎత్తుగా కనిపించాను. పొడుగాయన పక్కన నిలబడినా ఆ సాయంత్రం పొట్టివాణ్ణి అనిపించలేదు. ముదీర్ దగ్గరికి వెళ్ళి, ఇచ్చేయొచ్చు సార్ అన్నాను. ఆయన "ఖలాస్" అని చేతులు దులిపారు. అంతే, అయిపోయింది. ఇంటికి వెళ్ళేదారిలో నా ఎత్తు తగ్గుతూ వచ్చింది. అల్ అమెరాత్‌లో మా బిల్డింగు లిఫ్టు ఎక్కేసరికి ఉద్యోగం పోబోతున్న ఒక మామూలు ఫిజియోను మిగిలాను.

ఆ రోజుల్లో మా అత్తయ్యగారు విజిట్ వీసా మీద మా ఇంట్లో ఉన్నారు. మా చిన్నదాన్ని చూడటానికి వచ్చారు. ఊళ్ళో చర్చి స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. ప్రార్థనలో ఆవిడ పట్టుదల అంతా ఇంతా కాదు. ఒకసారి ఎవరి పేరైనా ఎత్తుకుంటే ఆ పని అయ్యేదాకా దేవుణ్ణి వదలరు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కంట్లో పడ్డాను.

"ఏంటమ్మాయ్, అల్లుడుగారు చేపల పులుసు ముట్టుకోలేదు? ఉప్పెక్కువైందా?" అన్నారు మా ఆవిడతో. నన్ను నేరుగా ఏదైనా అడగటం ఆవిడకు మొహమాటం.

"ఉప్పు కాదమ్మా, మోకాలు. ఆ పొడుగాయన సూర్ వెళ్ళిపోతున్నాడు. ఆ మనిషి వెళితే ఈయన ఉద్యోగం కూడా ఊగేలా ఉంది" అంది మా ఆవిడ.

"ఏ మోకాలంట?"

"కుడిది" అన్నాను నేను. అడిగింది నన్ను కాకపోయినా, నిపుణుణ్ణి కదా. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. నీరు, వాపు, మెట్లు, సూర్ డాక్టరు, రెండు సీజన్లు, అన్నీ చెప్పేశాను. చెప్పేశాక జ్ఞానోదయమై, "అత్తయ్యగారూ, ఇది ఎవరికీ చెప్పకండి" అన్నాను.

"నేనెవరికి చెబుతాను బాబూ? ఈ ఊళ్ళో నాకెవరు తెలుసు?" అన్నారావిడ. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆవిడ దృష్టిలో దేవుడికి చెప్పుకోవడం ఎవరికో చెప్పడం కిందికి రాదు. అంత పెద్దమనిషిని ఆ తేడా ముందే అడిగి తెలుసుకోవాలని నాకు తట్టలేదు.

మస్కట్‌లో మాకు ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. చర్చిలన్నీ ఒకే కాంపౌండులో ఉంటాయి. మలయాళం వాళ్ళు హాలు ఖాళీ చేసి వస్తుంటే మేం చెప్పులు విప్పుకుని లోపలికి వెళతాం. మా ఆరాధనలో వాక్య ప్రసంగానికి ముందు ప్రార్థన మనవులు ఉంటాయి. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి చెప్పుకోవచ్చు. వీసా రెన్యువల్ ఆగిపోయిన వాళ్ళు, పరీక్ష తప్పిన నర్సులు, పెళ్ళి కుదరని తమ్ముళ్ళున్న అక్కలు లేస్తారు. మర్యాద కోసం పేర్లు చెప్పరు. ఒక సహోదరుడు, ఒక సహోదరి అంటారు. పేరు చెప్పలేదు కాబట్టి గుట్టు దాగిందని చెప్పినవాళ్ళు అనుకుంటారు. ఆ సహోదరి ఎవరో అన్నం వడ్డించేలోపే అందరికీ తెలిసిపోతుంది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ ఉండదు. ఎవరికోసమో తెలియకుండా మోకాళ్ళూనడం మావాళ్ళకు కుదరదు, అంతే.

ఆ శుక్రవారం నాకు మ్యాచ్, మా ఆవిడకు డ్యూటీ. పక్క ఫ్లాటు నర్సమ్మలతో అత్తయ్యగారు చర్చికి వెళ్ళారు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని నేను సంతోషించాను కూడా. మనవుల సమయంలో ఆవిడ కొంగు తలమీద కప్పుకుని లేచారట. ఒక పొడుగు బిడ్డ, బంతాట ఆడే బిడ్డ, కుడి మోకాలు, పైకి బాగున్నా లోపల నీరు, మెట్లు దిగలేడు, సూరుకు వెళ్ళాలి, డాక్టరు చూడాలి, మా అల్లుడుగారి ఉద్యోగం కూడా అందులోనే ఉంది, అది నిలబడాలి, అందరూ జ్ఞాపకం చేసుకోండి అన్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పాస్టరమ్మగారు ఆ మనవిని వాయిస్ మెసేజ్ చేసి ఫోనులో ఉన్న ప్రార్థన గుంపులో పెట్టారు. ఆ గుంపులో ఉత్తరాన ఉన్న షినాస్ ఊరివాళ్ళూ ఉంటారు, సూర్ వాళ్ళూ ఉంటారు.

సూర్ డాక్టరు చూసే రోజున పొడుగాయనతో పాటు నన్నూ పంపారు. క్లబ్బు కారులో ముందు సీటు వెనక్కి జరిపితే తప్ప అతని కాళ్ళు పట్టవు కాబట్టి, వెనక నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ఒక పక్క సముద్రం, ఒక పక్క బోడికొండలు. దారి పొడుగునా అతను కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడు. పది రోజులు ఆడకుండా ఆపి, ఐసు పెట్టి, పట్టీ వేసి ఆ మోకాలిని పెళ్ళిచూపులకు తయారుచేసినట్టు తయారుచేశాను. నిగనిగలాడుతోంది. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

క్లినిక్కు కింది అంతస్తులోనే ఉంది, మెట్లు లేవు. మొదటి గండం గడిచిందనుకున్నాను. డాక్టరు ఈజిప్టు పెద్దాయన. మోకాలు వంచాడు, చాపాడు, నొక్కాడు. పొడుగాయన నవ్వుతూ నొప్పి లేదన్నాడు. సూర్ క్లబ్బు మేనేజరు గోడకానుకుని తృప్తిగా తలాడిస్తున్నాడు. అప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది. నేను ఒక మూలకు జరిగి, "ఆఁ, అయిపోవచ్చింది, బానే ఉంది" అని తెలుగులో అన్నాను. అంతే. ట్రే సర్దుతున్న నర్సు చటుక్కున తలెత్తింది.

"అన్నయ్యగారూ, తెలుగువాళ్ళా? వందనాలండి! మాది పాలకొల్లండి" అంది. తర్వాత బల్ల మీద మనిషిని తల దగ్గర నుంచి పాదాల దాకా చూసింది. ఆ చూడటానికి కొంచెం సేపు పట్టింది. "ఈయనేనా అండి ఆ పొడుగు బ్రదరు? అయ్యో, మేవందరం ఈ మోకాలు గురించే ఉపవాసం ఉన్నామండి!"

నేను కళ్ళతో, కనుబొమలతో, చేతిలో ఫోనుతో కూడా వద్దని సైగలు చేశాను. నా బాధ ఆ అమ్మాయికి భక్తిలా కనిపించింది కాబోలు, కళ్ళు చెమర్చాయి. తెలుగు రాని మనిషికి ఆదరణ దక్కకుండా పోకూడదని, పొడుగాయన వైపు తిరిగి చక్కటి ఇంగ్లీషులో, బ్రదర్, మీ కుడి మోకాలిలో నీరు గురించి, మీరు మెట్లు దిగలేకపోవడం గురించి మా సంఘమంతా ప్రార్థిస్తున్నాం, ధైర్యంగా ఉండండి అంది.

డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, "ఏ మెట్లు?" అని నన్నడిగాడు.

అడిగితే చెప్పాలి. చెప్పాను. ఆ తర్వాత మోకాలిని స్కానింగులోకి పంపారు. అందులో ఉన్నదంతా కనబడింది. సూర్ మేనేజరు మంచివాడే, అరవలేదు. ఇప్పుడు వద్దు, ఈ సీజనులో మిగిలిన మ్యాచ్‌లన్నీ మానకుండా ఆడి చూపిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ మోకాలితో మిగిలినవన్నీ ఆడటం ఎంత కష్టమో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. వచ్చేటప్పుడు ఆ నర్సు మా ఇద్దరికీ జ్యూసు డబ్బాలిచ్చి సాగనంపింది.

తిరుగు ప్రయాణంలో కూనిరాగాలు లేవు. చాలాదూరం వచ్చాక అతను, ఎవరు చెప్పారు అన్నాడు. మా అత్తగారు అన్నాను. ఎవరికి చెప్పారు అన్నాడు. దేవుడికి అన్నాను. అతను నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపటికి, "నా కూతురికి ఏం చెప్పను?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు, సముద్రాన్ని అడిగినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. దానితో పాటే ఇంకోటి కూడా వచ్చింది. ఇతను ఇక్కడే ఉంటాడు, నా ఉద్యోగానికి ఈ సీజనంతా ఢోకా లేదు అని లోపల ఎవరో చల్లగా అన్నారు. అన్నది నేనే. ముందు సీట్లోంచి అతని మెడ మాత్రమే కనిపిస్తోంది. ఆ మెడ వైపు చూడలేక కొండల వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తయ్యగారు ఎదురొచ్చారు. సంగతి అప్పటికే ఫోను గుంపులో వచ్చేసినట్టుంది, ముఖం వెలిగిపోతోంది. "స్తోత్రం బాబూ! ఆ బిడ్డ ఎల్లట్లేదంట కదా. మీ ఉద్యోగానికేం కాదు. నేనడిగింది అదే" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల నేను కోరుకున్నదాన్నే ఆవిడ పైకి అన్నందుకు ఆ కోపం ఇంకా ఎక్కువైంది. ఎన్నడూ ఆవిడ ముందు గొంతు పెంచనివాణ్ణి, పెంచాను. "మీరు అడిగింది నా ఉద్యోగం అత్తయ్యగారూ. పోయింది అతని ఉద్యోగం. అతనికి పెళ్ళాం, బిడ్డ ఉన్నారు. ఆ పిల్ల అక్కడ తాబేళ్ళ కోసం ఎదురుచూస్తోంది" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ" అని ఒక్క మాట అంది. నేను ఆగిపోయాను.

"ఆ బిడ్డకి కూతురుందా?" అన్నారు అత్తయ్యగారు మెల్లగా. "అది నాకెవరూ చెప్పలేదు బాబూ."

నిజమే. నీరు, వాపు, మెట్లు, సీజన్లు అన్నీ చెప్పాను గానీ ఆ పిల్ల సంగతి నేను చెప్పలేదు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర, మా ఆవిడ వైపు కాకుండా నేరుగా నావైపు చూసి, "ఆ బిడ్డని ఒక్కసారి మనింటికి తీసుకురండి" అన్నారు.

అతను రాడనుకున్నాను. వచ్చాడు. మా గుమ్మంలోంచి తల వంచి దూరి, సోఫాలో కూర్చుంటే సోఫా బొమ్మ సామానులా కనబడింది. అత్తయ్యగారు వండిన రొయ్యల కూర చెమటలు కక్కుతూ తిన్నాడు. తిన్నాక ఆవిడ మోకాలు చూపించమని సైగ చేశారు. వాళ్ళ నాయనమ్మ కూడా ఇలాగే చేసేదని చెప్పి, అతను ప్యాంటు పైకి మడిచి కాలు చాపాడు. గది సగం నిండింది. ఆవిడ కష్టం మీద నేలమీదికి దిగి, కుడిచెయ్యి ఆ మోకాలి మీద వేసి, నావైపు చూసి, "మీరు తర్జుమా చెయ్యండి" అన్నారు.

మా పెద్ద కూటాల్లో విదేశాల నుంచి వచ్చిన దొరగారు ఒక ముక్క ఇంగ్లీషులో చెబితే పక్కనున్నాయన అదే ముక్క తెలుగులో చెబుతాడు. అత్తయ్యగారు చిన్నప్పటి నుంచీ ఆ పద్ధతి చూసినవారు. ఒక్కో ముక్క చెప్పి, నా కోసం ఆగుతూ ప్రార్థన మొదలుపెట్టారు. మొదటి నాలుగు ముక్కలూ స్తుతి. హాయిగా నడిచింది. నా ఇంగ్లీషు నాకే ఇంపుగా వినిపించి, గొంతులో కొంచెం గాంభీర్యం కూడా కలిపాను.

"ప్రభువా, నాకు తెలిసింది నా కూతురి ఇల్లొక్కటే." చెప్పాను.

"ఆ ఇల్లు నిలబడాలని నిన్ను అడిగాను." అదీ చెప్పాను.

"ఆ అడగడంలో ఈ బిడ్డ ఇంటి తలుపు మూసేశాను. అది నీ పని కాదు, నా పని."

ఇక్కడ నా గాంభీర్యం జారిపోయింది. మెల్లగా చెప్పాను. పొడుగాయన తల వంచుకుని వింటున్నాడు.

"ఇతని కూతురు తాబేళ్ళని చూడాలంటంది. వాటిని చేసింది నువ్వే కదా తండ్రీ, ఆ పిల్లకి చూపించడానికి నీకేమంత కష్టం?" చెబుతుంటే అతని భుజాలు కదిలాయి. నవ్వో, ఏడుపో తెలియలేదు.

"మా అల్లుడుగారికి చదువుంది. చేతిలో పనుంది. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి ఇత్తావు." దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు నా గురించి నేనే 'నా అల్లుడు' అనవలసి వచ్చింది. మా ఆవిడ ఒక కన్ను తెరిచి నావైపు చూసి, మళ్ళీ మూసుకుంది.

"ఈ బిడ్డకి ఉన్నది ఈ మోకాలొక్కటే. అందుకని మా అల్లుడుగారి ఉద్యోగం పోతే పోనియ్యి తండ్రీ. ఇతనికి మాత్రం ఆ రెండేళ్ళూ దయచెయ్యి."

ఆవిడ ఆగారు. ఆ ముక్కను కొంచెం తేలిక చేసి చెప్పొచ్చు. అసలు చెప్పకుండా దాటేసినా ఆ గదిలో పట్టుకోగలిగేది మా ఆవిడ ఒక్కతే. పొడుగాయన కళ్ళు తెరిచి, ఏమన్నారావిడ అన్నట్టు చూశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా అల్లుడి ఉద్యోగం పోతే పోనీ అన్నాను, నా నోటితోనే, స్పష్టంగా, వ్యాకరణం తప్పకుండా.

అతను ఒక్క క్షణం నన్నే చూసి, కళ్ళు మూసుకుని, గోడలు అదిరేలా ఆమెన్ అన్నాడు. మా ఆవిడ మెల్లగా అంది. అత్తయ్యగారు మాత్రం కళ్ళు తెరవలేదు. మోకాలి మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంకొకరి ఆమెన్ కోసం ఆగారని నాకు అర్థమైంది. నేనూ అన్నాను.